అన్నం - అభిమానం

పాఠ్యభాగ నేపథ్యం

ఆకలి అన్ని కాలాల్లోనూ మానవుణ్ణి వెంటాడిన బాధ. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం పరమధర్మమని అన్ని మతాలూ బోధించాయి. అయితే ఆకలి తీర్చడం వేరు, ఆకలిని అంతం చేయడం వేరు. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని, తెలుగునేల మీద క్రైస్తవ సంఘాలు చేసిన కృషి ఆధారంగా వివరించడం ఈ పాఠం ఉద్దేశం. పాఠం హైదరాబాదు పాతబస్తీలో మొదలై, ఒంగోలు, మెదకు ప్రాంతాల మీదుగా సాగి, తిరిగి పాతబస్తీకి చేరుకుంటుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా అనే పేట ఉంది. అక్కడి రైల్వేస్టేషనుకు చేరువలో ఒక పైవంతెన ఉంది. 2012లో ఒకనాడు ఆ పరిసరాల్లో ఆకలితో అలమటిస్తున్న ఒక స్త్రీ, సయ్యద్ ఉస్మాన్ అజహర్ మఖ్సూసీ కంటబడింది. ఆయన ధనవంతుడు కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పనితో జీవనం సాగించే సామాన్యుడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి, పస్తు అంటే ఏమిటో అనుభవం మీద తెలుసుకున్నవాడు. ఆనాడు ఆమెకు అన్నం పెట్టి ఊరుకోలేకపోయారు. మొదట భార్య ఇంట్లో వండిన అన్నాన్ని కొద్దిమందికి తీసుకువెళ్లి పంచారు. తరువాత వంతెన నీడలోనే వంట మొదలైంది. దినదినమూ నూరు, నూట యాభై మంది అక్కడ బారులు తీరి కూర్చుని భోజనం చేశారు. వారిలో కూలీలు, బిచ్చగాళ్లు, వృద్ధులు, ఊరుగాని ఊరు వచ్చినవారు ఉన్నారు. వారి పేరు ఎవరూ అడగలేదు. వారి కులమూ మతమూ ఎవరూ విచారించలేదు. ఆకలికి మతం లేదన్నదే ఆ వడ్డనకు మూలసూత్రం.

పాతబస్తీకి ఇది కొత్త సంప్రదాయం కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన ఈ నగరంలో దర్గాల వద్ద, గురుద్వారాల వద్ద లంగర్ పేరుతో అన్నం పెట్టడం ఆచారంగా వస్తున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు వేలాది ప్రజలు కట్టుబట్టలతో మిగిలారు. నిజాం ప్రభుత్వం నిరాశ్రయుల కోసం వంటశాలలు తెరిపించింది. తెలుగునాట మరొక మూల, గోదావరి మధ్యనున్న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ అదే కాలంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేదనకుండా వండి వడ్డించింది. ఆమె 1909లో కన్నుమూసే వరకు ఆ ఇంటి పొయ్యి ఆరలేదని జనం చెప్పుకొంటారు. ఆకలి రుచి ఎరుగదని సామెత. ఆకలి కులాన్ని, మతాన్ని కూడా ఎరుగదని ఇటువంటి వారి జీవితాలు చెబుతున్నాయి.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వంతెన కింద ఈ మధ్యాహ్నం కడుపునిండా తిన్న మనిషి రేపు మళ్లీ అదే బారులో వచ్చి కూర్చుంటాడు. ఎల్లుండి కూడా వస్తాడు. ఆ ముద్ద అతని ప్రాణం నిలిపింది. కాని అతన్ని ఆ బారులోకి తెచ్చిన కారణం అలాగే ఉంది. పని లేకపోవడం, కూలి చాలకపోవడం, రోగం, అనాథ వార్ధక్యం వంటి కారణాలు ఒక పూట భోజనంతో తొలగిపోవు. అంతేకాదు, చేయి చాచి అన్నం అందుకునేటప్పుడు మనిషి అభిమానం ఎంతో కొంత దెబ్బతింటుంది. కడుపు నిండాలి, అభిమానం చెడకూడదు, రేపటికి దారి దొరకాలి. ఈ మూడూ ఒకేచోట సాధ్యమా? ఈ ప్రశ్నకు తెలుగునేల మీది క్రైస్తవ సంఘాల చరిత్రలో కొన్ని సమాధానాలు కనిపిస్తాయి.

క్రైస్తవుల నిత్యప్రార్థనలో దైవాన్ని అడిగే కోరికలలో ఒకటి ఏనాటికానాటి ఆహారం. ఆ ప్రార్థన 'నాకు' అని కాక 'మాకు' అని అడుగుతుంది. అనగా పక్కింటివాడు పస్తుండగా తాను తిన్న అన్నంతో ఆ ప్రార్థన నెరవేరినట్లు కాదు. ఆదిమ క్రైస్తవులు కలిసి భుజించడాన్ని ఆరాధనలో భాగంగా భావించారు. తెలుగు సంఘాలలో నేటికీ దానిని ప్రేమవిందు అని పిలుస్తారు. ఆ పంక్తిలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నది అన్నం కంటే ముఖ్యమైన విషయం. ఊరిబావి నీరు తోడుకోవడానికి వీలులేని కాలంలో, తరతరాలుగా ఎడంగా నిలబెట్టబడిన మనిషికి నలుగురితోపాటు విస్తరి ముందు కూర్చోవడమే ఒక విముక్తి.

తెలుగు సంఘాల్లో మరొక చక్కని ఆచారం ఉంది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, అందులోనుంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అలా కూడిన బియ్యాన్ని ఆదివారంనాడు గుడికి తీసుకువెళ్లి సమర్పిస్తుంది. మిజోరంలో కూడా ఈ ఆచారమే 1910లో మొదలై, అక్కడి సంఘాలకు గొప్ప ఆదాయ వనరుగా పెరిగింది. ఈ ఆచారంలోని విశేషం బియ్యం పరిమాణంలో లేదు. ఇచ్చే చేతిలో ఉంది. కూలికి పోయి గింజలు తెచ్చుకునే పేదరాలు కూడా ఇక్కడ దాత. తాను ఇవ్వగలనన్న ఎరుక మనిషిని నిటారుగా నిలబెడుతుంది. ఆకలిపై పోరాటంలో పేదవాడు చేయి చాచేవాడు మాత్రమే కాదు, చేయి కలిపేవాడు కూడా అన్న సత్యం ఆ గుప్పెడు బియ్యంలో ఉంది.

గుప్పెడు బియ్యం సాధారణ దినాలకు సరిపోతుంది. ఊళ్లకు ఊళ్లు ఆకలి పాలైన కరువుకాలంలో ఏం చేయాలి? ఆ పరీక్ష ఒంగోలు ప్రాంతానికి 1876లో ఎదురైంది.

ఆ సంవత్సరం ధాత నామ సంవత్సరం. వర్షాలు మొగం చాటేశాయి. అప్పటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు, రాయలసీమ, తమిళ జిల్లాలు, మైసూరు సంస్థానం, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలు రెండేళ్లపాటు కరువు కోరల్లో చిక్కుకున్నాయి. జనం దానిని ధాత కరువు అన్నారు. అంతకు పూర్వం 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని మట్టుపెట్టిన నందన కరువును చూసిన వృద్ధులు అప్పటికి ఇంకా బ్రతికే ఉన్నారు. 1876-78 కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించినట్లు 1880 నాటి కరువు విచారణ సంఘం అంచనా వేసింది.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే ఆనాడు దేశంలో ధాన్యం పూర్తిగా లేకపోలేదు. రైళ్ల మీద ధాన్యం తరలిపోయింది. వర్తకుల కొట్లలో ధాన్యం ఉంది. ఓడల్లో విదేశాలకు ఎగుమతి కూడా అయింది. లేనిది కూలివాని చేతిలో డబ్బు. పంటలు పండకపోతే భూస్వామికి గాదెలో ధాన్యం తగ్గుతుంది. కూలివానికి పనే ఉండదు. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే తిండి లేదు. అందువల్ల కరువు మొదట కాటువేసేది భూమిలేని కూలీనే. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్నే శాస్త్రీయంగా నిరూపించాడు. తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండిని పొందే శక్తి లేకపోవడం వేరని ఆయన వివరించాడు.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. కాని ఖర్చు తగ్గించే ఉద్దేశంతో 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలివానికి ఇచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు, అనగా సుమారు 450 గ్రాములకు కుదించాడు. ఎండలో మట్టి తవ్వే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాతగాని ఆ కొలత పెరగలేదు. దానికి తోడు కొన్ని పనిచోట్ల అంటరానివారుగా పరిగణింపబడిన మాదిగలకు, మాలలకు పైవారి నుండి అవమానాలు తప్పలేదు. ఆకలి అందరికీ ఒకటే అయినా, కరువులో కూడా అవమానం కొందరికే వాటాగా వచ్చింది.

ఆ కాలంలో ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ పనిచేస్తున్నాడు. ఆయన 1865లో ఈ దేశానికి వచ్చి, 1866లో ఒంగోలు చేరాడు. ఆయన సంఘంలో అధికసంఖ్యాకులు మాదిగలు. తోలుపని, పొలంకూలి వారి జీవనాధారాలు. కరువు రాగానే వారు గుంపులు గుంపులుగా ఆయన ఇంటిముందు చేరారు. క్లౌ యౌవనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. ఆ అనుభవం ఇప్పుడు అక్కరకు వచ్చింది.

అప్పుడు మద్రాసు ప్రభుత్వం తీరం వెంబడి ఒక పొడవైన కాలువను తవ్విస్తున్నది. సముద్రపు కయ్యలను, వెనుక జలాలను ఒకదానితో ఒకటి కలుపుతూ కృష్ణా డెల్టా నుండి మద్రాసు మీదుగా దక్షిణానికి పడవల దారి ఏర్పరచడం దాని ఉద్దేశం. ఆనాటి గవర్నరు పేరు మీదుగా దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చింది. ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని తవ్వించే గుత్తను క్లౌ స్వయంగా తీసుకున్నాడు. లాభం కోసం కాదు. తనను ఆశ్రయించిన వారికి భిక్ష కాక పని ఇవ్వడం కోసం.

పనిచోట తాటాకు పాకలు లేచాయి. సంఘంలోని బోధకులే మేస్త్రీలయ్యారు. దూరపు పల్లెల నుండి కాళ్లీడ్చుకుంటూ వచ్చినవారిలో ఎందరో పలుగు ఎత్తలేని స్థితిలో ఉన్నారు. వారికి మొదట తిండి పెట్టి, కాస్త సత్తువ వచ్చిన తరువాత పని అప్పగించారు. చేసిన పనికి కూలి చేతికి అందింది. అక్కడ కులం పేరుతో అదిలించేవారు లేరు. తమవంటి వారే తమకు పెద్దలుగా నిలబడి పని చూపించడం ఆ కూలీలకు కొత్త అనుభవం. పొద్దుగూకిన తరువాత బోధకులు వారి మధ్య కూర్చుని కష్టసుఖాలు విన్నారు, తమ విశ్వాసాన్ని గురించి చెప్పారు. కరువు తగ్గేసరికి వేలాదిమంది తమకు బాప్తిస్మం ఇవ్వమని కోరారు.

ఇక్కడే ఈ చరిత్రలోని అసలైన ఘట్టం ఉంది. క్లౌ వారికి బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు కాలంలో సుమారు పదిహేను నెలలపాటు ఒక్కరికైనా ఇవ్వలేదు. తన సంఘాన్ని పెంచుకోవాలన్న కోరిక ఏ మిషనరీకైనా ఉంటుంది. దాని కోసమే ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. వేలాదిమంది వచ్చి అడుగుతుండగా వద్దనడం ఆయనకు తేలిక కాదు. కాని ఆకలితో ఉన్న మనిషి చెప్పే అవునన్న మాటకు స్వేచ్ఛ ఉండదని ఆయన గ్రహించాడు. గంజికోసం మతం మారారన్న నింద ఆ పేదలపై జీవితాంతం ఉంటుంది. అన్నం పెట్టిన చేయి బదులు కోరితే అది దానం కాదు, బేరం అవుతుంది. అందువల్ల ఆయన ఆగాడు.

1878 జూన్ నాటికి కరువు పనులు ముగిశాయి. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జనం మళ్లీ వచ్చి చేరారు. తన వద్ద ఇవ్వడానికి డబ్బుగాని, సహాయంగాని లేవని, ఇళ్లకు వెళ్లమని క్లౌ వారికి చెప్పాడు. వారు కదలలేదు. తాము సహాయం అడగడానికి రాలేదని చెప్పి, కాలువ పనిలో కాయలు కాచిన అరచేతులను చూపించారు. కష్టపడి బ్రతకగలమన్న సాక్ష్యం ఆ చేతుల్లోనే ఉంది. 1878 జూలై 3న ఆ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి నిర్ణయాన్ని గురించి చరిత్రకారులు అనేక విధాలుగా వ్యాఖ్యానించవచ్చు. ఆ సంఖ్యను కూడా పలువురు పలువిధాలుగా చూడవచ్చు. కాని ఆ సంఖ్యకు ముందున్న పదిహేను నెలల నిరీక్షణను విస్మరించరాదు. ఆకలిని ఆయుధంగా వాడుకోవడానికి అవకాశం ఉండి కూడా వాడుకోకపోవడం ఆ నిరీక్షణలోని నీతి.

కరువు పోయింది, కాలువ మిగిలింది. దాని మీద దశాబ్దాలపాటు ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసుకు సాగాయి. 2004 డిసెంబరు 26న సునామీ తీరాన్ని తాకినప్పుడు, ముందుకు దూకిన నీటిలో కొంత భాగాన్ని ఈ కాలువ తనలోకి తీసుకుని అనేక గ్రామాల్లో నష్టాన్ని తగ్గించిందని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆకలిగొన్నవారికి పెట్టిన అన్నం ఆనాటితో అరిగిపోతుంది. ఆకలిగొన్నవారితో చేయించిన మంచిపని తరతరాలకు నిలుస్తుంది.

ఇదే సత్యానికి మరొక రూపం హైదరాబాదుకు ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని మెదకులో కనిపిస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాల్లో నిజాం రాజ్యానికి వచ్చి మెదకులో స్థిరపడ్డాడు. ఆయన ఆధ్వర్యంలో 1914లో అక్కడ ఒక మహాదేవాలయ నిర్మాణం ఆరంభమైంది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. దానికి తోడు కరువు. చుట్టుపక్కల గ్రామాల జనం ఆ నిర్మాణంలో రాళ్లు మోసి, సున్నం కలిపి, ప్రతిఫలంగా తిండి పొందారు. పదేళ్లపాటు సాగిన ఆ పని పూర్తయి, 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. దాని గోపురం ఎత్తు 175 అడుగులు. నేడు యాత్రికులు తలపైకెత్తి ఆ గోపురాన్ని చూస్తారు. దాని పునాదుల్లో పేరు తెలియని కూలీల పస్తులు, వారి పిల్లలు తిన్న మెతుకులు ఉన్నాయి. కడుపు నింపడానికి గుడి కట్టారా, గుడి కట్టడానికి కడుపు నింపారా అని ఎవరైనా అడగవచ్చు. ఆనాటి కూలీకి మాత్రం అది తాను చెమటోడ్చి సంపాదించిన తిండి.

ఒంగోలు, మెదకు కథలు కరువుకు సంబంధించినవి. నగరంలో ఆకలి మరొక రూపంలో వస్తుంది. అక్కడ వర్షం పడినా పడకపోయినా దుకాణాల్లో బియ్యం ఉంటుంది. ఏనాటి కూలి ఆనాడు తెచ్చుకునే మనిషికి ఒక్కరోజు పని ఆగితే చాలు, ఆ రాత్రి పొయ్యి వెలగదు. పాతబస్తీలో గాజుల తయారీ, జరీ అల్లిక, బీడీలు చుట్టడం, రిక్షా తొక్కడం వంటి పనులతో వేలాది కుటుంబాలు జీవిస్తూ వచ్చాయి. 1990 డిసెంబరులో నగరంలో మతకలహాలు చెలరేగాయి. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. కర్ఫ్యూ విధించారు. కత్తిపోటు తగలని ఇళ్లలోకి కూడా కర్ఫ్యూ ఆకలిని తీసుకువచ్చింది. గడప దాటితే ప్రాణభయం, దాటకపోతే పస్తు. హిందువు ఇంట్లో, ముస్లిము ఇంట్లో పసిపిల్లల ఏడుపు ఒకే విధంగా వినిపించింది.

ఆ కష్టకాలంలో సహాయానికి ముందుకు వచ్చిన వారిలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. ఇది 1930లో లాహోరులో స్థాపితమై, అనేక చోట్లు మారి, 1971లో హైదరాబాదుకు చేరింది. భారతదేశంలోని వివిధ క్రైస్తవ సంఘాల మద్దతుతో నడిచే సంస్థ ఇది. ముస్లిముల మధ్య మతప్రచారం చేసేవారికి శిక్షణ ఇవ్వడం ఆరంభంలో దీని లక్ష్యం. కాలక్రమంలో ఆ దృష్టి మారింది. ఇతర మతాల వారిని అర్థం చేసుకోవడం, వారితో స్నేహంగా మెలగడం, కలహాలను చల్లార్చడం దాని ధ్యేయాలయ్యాయి. ఒంగోలులో ఒక వ్యక్తి పదిహేను నెలలపాటు పాటించిన సంయమనాన్ని ఇక్కడ ఒక సంస్థ తన మార్గంగా స్వీకరించింది.

1990 నాటి అల్లర్ల తరువాత బాధితులకు సహాయం అందించడంతో ఆ సంస్థ పాతబస్తీ పని మొదలైంది. సహాయ సామగ్రి కొన్ని రోజులకు అయిపోతుంది. భయం, పేదరికం అలాగే ఉంటాయి. ఈ సంగతి గ్రహించి ఆ సంస్థ అక్కడితో ఆగలేదు. హిందువులు, ముస్లిములు పక్కపక్క గల్లీల్లో నివసించే సుల్తాన్‌షాహీ పేటలో అమన్-శాంతి అనే కేంద్రాన్ని నెలకొల్పింది. అమన్ ఉర్దూ మాట, శాంతి మన మాట. రెండింటి అర్థమూ ఒకటే. అక్కడ పిల్లలకు చదువు, స్త్రీలకు కుట్టుపని వంటి వృత్తుల్లో శిక్షణ, పేదలకు వైద్యం అందాయి. కుట్టుమిషను ముందు కూర్చున్న ఇద్దరు స్త్రీలలో ఒకరి నుదుట బొట్టు ఉండవచ్చు, మరొకరు బురఖాలో రావచ్చు. నేర్చుకునే కుట్టు ఒకటే. చేతికి పని వచ్చిన స్త్రీ ఇంట్లో పిల్లల పస్తులు తగ్గుతాయి. పక్కన కూర్చుని పని నేర్చిన స్త్రీ ఇంటి మీదికి రాయి విసరడానికి చేయి రాదు. ఆకలికి, కలహానికి ఉన్న బంధం ఆ కేంద్రం గుర్తించిన సత్యం. ఆకలి కలహాన్ని పెంచుతుంది, కలహం ఆకలిని పెంచుతుంది. ఒకదాన్ని మాన్పకుండా మరొకదాన్ని మాన్పలేము.

సంఘాలు, సంస్థలు, వ్యక్తులు ఎంత చేసినా, కోట్లాది ప్రజల ఆకలిని తొలగించడం వారి శక్తికి మించిన పని. అందుకు ప్రభుత్వం, చట్టం తోడు కావాలి. ధాత కరువు తరువాత 1880 నాటి విచారణ సంఘం సిఫార్సుల మీద కరువు నియమావళి రూపొందింది. పని చేయగలిగిన వారికి కూలిపని, చేయలేని వారికి ఉచితంగా తిండి ఇవ్వాలన్నది దాని ముఖ్య సూత్రం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని అమలు చేసింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. నాడు కాలువగట్టున ఒక సంఘం తనవారికి చూపిన కరుణ, ఈ చట్టాల్లో పౌరుని హక్కుగా మారింది. దయ అడిగితే దొరకవచ్చు, దొరకకపోవచ్చు. హక్కు అడిగి తీసుకోదగినది. అందువల్లనే చట్టం అన్నంతోపాటు అభిమానాన్ని కూడా కాపాడుతుంది.

చట్టాలు వచ్చాయి కనుక వ్యక్తుల బాధ్యత తీరిపోయిందని భావించరాదు. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, రేషను కార్డు లేని వలస కూలీలు నడిరోడ్డు మీద నిలిచిపోయారు. అప్పుడు మసీదులు, గురుద్వారాలు, గుడులు, చర్చీలు తమ వంటశాలలు తెరిచాయి. చట్టం కన్ను పడని మూలలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. అక్కడికి ముందుగా చేరేది పొరుగువాని చేయి.

ఇంతవరకు చూసిన చరిత్ర నుండి మూడు విషయాలు తేటపడుతున్నాయి. అన్నం పెట్టే చేయి ముందు నీవెవరని అడగరాదు. ఇది దబీర్‌పురా వంతెన నేర్పిన పాఠం. పెట్టిన తరువాత బదులు కోరరాదు. ఇది గుండ్లకమ్మ ఒడ్డున వేచిన పదిహేను నెలల పాఠం. పెట్టి ఊరుకోరాదు, రేపు తన అన్నం తాను సంపాదించుకునే దారి చూపాలి. ఇది కాలువగట్టు, సుల్తాన్‌షాహీ కుట్టుమిషను నేర్పిన పాఠం. మొదటిది ప్రాణం నిలుపుతుంది, రెండవది అభిమానం నిలుపుతుంది, మూడవది ఆకలిని అంతం చేస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో, 2030 నాటికి ప్రపంచంలో ఆకలి లేకుండా చేయాలన్నది రెండవ లక్ష్యం. ఆ లక్ష్యం రాజధానుల్లోని సభల్లో ప్రకటితమైనా, నెరవేరవలసింది వంటిళ్లలో. ఎసట్లో పోసే ముందు పక్కకు తీసిన గుప్పెడు బియ్యం చిన్నదే. అది తీసిన చేతికి మాత్రం మరొకరి ఆకలి తెలుసు. వంతెన కింద వేసిన బారు ఒకనాటికి అక్కరలేనిదై ఖాళీ కావడం, అక్కడ వడ్డించిన వారు మనసారా కోరుకోదగిన ఫలం.

కఠిన పదాలు - అర్థాలు

అభిమానం : ఆత్మగౌరవం
లంగర్ : అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోటు
వార్ధక్యం : ముసలితనం
పంక్తి : భోజనానికి కూర్చున్న వరుస
ఎసరు : అన్నం వండడానికి కాచే నీరు
గాదె : ధాన్యం నిలువచేసే చోటు
గుత్త : ఒప్పందంపై తీసుకున్న పని
కయ్య : సముద్రతీరంలో ఉప్పునీరు నిలిచే పాయ
సత్తువ : బలం
సంయమనం : తన కోరికను తాను అదుపులో ఉంచుకోవడం
విస్మరించు : మరచిపోవు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ధాత కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో జరిగిన కృషిని వివరించండి.
2. 'ఆకలి తీర్చడం వేరు, ఆకలిని అంతం చేయడం వేరు.' పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. గుప్పెడు బియ్యం ఆచారంలోని విశేషం ఏమిటి?
2. కరువు మొదట భూమిలేని కూలీనే ఎందుకు కాటువేస్తుంది?
3. క్లౌ పదిహేను నెలలపాటు బాప్తిస్మం ఇవ్వకపోవడానికి కారణం ఏమిటి?
4. సుల్తాన్‌షాహీలోని అమన్-శాంతి కేంద్రం గురించి రాయండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. అది దానం కాదు, బేరం అవుతుంది.
2. కరువు పోయింది, కాలువ మిగిలింది.
3. కరువులో కూడా అవమానం కొందరికే వాటాగా వచ్చింది.

ఈ) భాషాంశాలు
1. కింది పదాలకు విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి : కష్టసుఖాలు, పరమధర్మం, ప్రాణభయం.
2. కింది పదాలను సొంతవాక్యాల్లో ప్రయోగించండి : కట్టుబట్టలతో మిగులు, కంటబడు, మొగం చాటేయు.

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో లేదా పేటలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టే ఒక సంస్థను గాని, ఒక కుటుంబాన్ని గాని సందర్శించి, అక్కడ భోజనం చేసేవారికి రేపటికి దారి చూపడానికి ఏమి చేయవచ్చో ఒక పుటకు మించకుండా రాయండి.